గోడకి ఇవతల



నా మాటలు మీకు రేడియోలో వినిపిస్తున్నాయి. అందుకని ఒక రేడియో సంగతితోనే మొదలుపెడతాను.

1974లో మేము ఒంగోలులో ఒక అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాలుగు వాటాల పెంకుటిల్లు. వెనక అందరికీ కలిపి ఒక బావి. వాటాకీ వాటాకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడైనా కప్పు దాకా ఉండేది కాదు, దూలాల దగ్గర ఆగిపోయేది. పక్క వాటాలో మిరపకాయలు వేయిస్తే మా ఇంట్లో తుమ్ములు. ఆ వాటాలో ఉండే ఆవిడని నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆవిడ భర్త ఒక ఆఫీసులో గుమాస్తా. బయట చూస్తే చాలా మెత్తటి మనిషి. మా నాన్నగారు ఎదురుపడితే నమస్కారం పెట్టి, పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవాడు.

వారంలో ఒకటి రెండు రాత్రులు ఆ ఇంట్లో ముందు ఒక గిన్నె పడిన చప్పుడయ్యేది. తరువాత ఆయన గొంతు. పళ్ళ బిగువున, బయటికి వినపడకుండా తగ్గించి మాట్లాడే గొంతు. తరువాత దెబ్బలు. పిన్నిగారు అరిచేది కాదు. ఊపిరి బిగబట్టి వదిలినట్టు ఒక శబ్దం, అంతే. ఆ వేళకి మేమంతా భోజనాల దగ్గర ఉండేవాళ్ళం. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం కాదు. మా నాయనమ్మ అనేది: "ఒరే అబ్బాయ్, ఆ రేడియో కాస్త పెంచరా."

మాది పాత మర్ఫీ రేడియో. దాని చెవి తిప్పే పని నాది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో తిప్పి వచ్చి కూర్చునేవాణ్ణి. పాట పెద్దదయ్యేది. అందరం మళ్ళీ అన్నం కలుపుకునేవాళ్ళం.

పెద్దయ్యాక నేను చాలా ఏళ్ళు పత్రికలో కోర్టు వార్తలు రాశాను. హత్యలు, కొట్లాటలు, కట్నం కేసులు. చార్జిషీటు తిరగేస్తే ప్రతి కేసుకీ ఒక కారణం రాసి ఉంటుంది. గట్టు తగాదా. పాత కక్ష. భార్య మీద అనుమానం. తాగిన మైకం. మహా అయితే ఒక్క వాక్యం. ఆ కాగితంలో ఇద్దరే ఉంటారు, నేరం చేసినవాళ్ళూ నేరానికి గురైనవాళ్ళూ. మూడో మనిషి ఉంటే సాక్షిగా ఉంటాడు, అదీ సంగతి అయిపోయిన తరువాత. అలాంటి వాక్యం చదివిన ప్రతిసారీ నాకు దూలాల దగ్గర ఆగిపోయిన ఆ గోడ గుర్తొచ్చేది. మనిషి సాటి మనిషి మీద చెయ్యి ఎందుకు ఎత్తుతాడు, దెబ్బ తిన్నవాళ్ళు ఎందుకు అక్కడే ఉండిపోతారు అని వెతికేటప్పుడు, రేడియో చెవి పట్టుకుని నిలబడ్డ మనిషిని కూడా లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

ముందు మన భయాల సంగతి చూద్దాం. నేరం అనగానే మనకి చీకటి వీధి, ముక్కూ మొహం తెలియని మనిషి గుర్తొస్తారు. ఆడపిల్లలకి చెప్పే జాగ్రత్తలన్నీ వీధి జాగ్రత్తలే. పొద్దుపోయాక తిరక్కు, ఒంటరిగా ఆటో ఎక్కకు. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే పుస్తకం తెరిస్తే మాత్రం వేరే బొమ్మ కనిపిస్తుంది. 2022లో దేశంలో నమోదైన హత్య కేసులు 28,522. తగాదాల వల్ల జరిగినవి 9,962. వ్యక్తిగత కక్షల వల్ల 3,761. డబ్బు, లాభం కోసం చేసినవి 1,884. మనం తలుపుకి రెండు గడియలు పెట్టుకుని భయపడేది ఈ మూడో రకం మనిషికి. అతని కంటె తగాదా అయిదు రెట్లు ఎక్కువ మందిని చంపుతోంది. తగాదాలు ఎక్కువగా పరిచయం ఉన్నవాళ్ళ మధ్యే కదండీ. అత్యాచారం కేసులలోనూ ఇంతే, నూటికి 95కి పైగా కేసులలో నిందితుడు ఆ అమ్మాయికి ముందే తెలిసినవాడు. అదే ఏడాది ఆడవాళ్ళ మీద జరిగిన నేరాల కింద నమోదైన కేసులు 4,45,256. వాటిలో అన్నిటికంటె పెద్ద పద్దు భర్త, అతని బంధువులు పెట్టిన హింసది. నూటికి 31.

ఇవి పోలీసు స్టేషను గడప ఎక్కినవి. ఎక్కనివి ఇంకో పుస్తకంలో ఉన్నాయి. 2019–21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుంచి 49 ఏళ్ళ లోపు పెళ్ళయిన ఆడవాళ్ళని, పక్కన ఇంకెవరూ లేకుండా చూసుకుని, అడిగారు. భర్త చేతిలో దెబ్బలో లైంగిక హింసో పడ్డామని నూటికి 29 మంది చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. తెలంగాణలో దాదాపు 37. హింస పడ్డవాళ్ళలో సాయం అడిగినవాళ్ళు నూటికి 14 మందే. 77 మంది ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. అడిగిన ఆ కొద్దిమందీ ఎక్కువగా వెళ్ళింది పుట్టింటికి. పోలీసుల దాకా వెళ్ళినవాళ్ళు మరీ తక్కువ.

కోర్టు వరండాలో నేను అన్నిటికంటె ఎక్కువ సార్లు విన్న మాట ఒకటుంది. "కోపంలో జరిగిపోయిందండీ." ఈ మాటలో చేసినవాడు ఎక్కడా లేడు. జరిగిపోయింది. మన భాషలో ఇలాంటివి చాలా ఉన్నాయి. మాట జారింది, చెయ్యి లేచింది అంటాం. కొట్టాడు అనడానికి నోరు రాక చెయ్యి చేసుకున్నాడు అంటాం, ఆ చెయ్యి ఆ మనిషిది కానట్టు.

కోపం కారణం అంటే నాకు నమ్మకం లేదు. మా పక్క వాటాయనకి ఆఫీసులో కోపం రాలేదా? పై అధికారి నలుగురి ముందూ తిడితే రాలేదా? అక్కడ తల వంచుకుని నిలబడ్డ మనిషే ఇంటికొచ్చి, పప్పులో ఉప్పు చాల్లేదని గిన్నె విసిరేవాడు. ఒళ్ళు తెలియని కోపమే అయితే ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడాలి. ఆయన కోపం అలాంటిది కాదు. ఎవరిని కొడితే తిరిగి తనకేమీ జరగదో దానికి బాగా తెలుసు. ఏ వేళకి కొట్టాలో తెలుసు, మొహం మీద కాకుండా వీపు మీద కొట్టాలని తెలుసు. ముఖ్యంగా, గొంతు తగ్గించుకోవాలని తెలుసు. ఒళ్ళు తెలియనివాడు గొంతు తగ్గించుకోడు.

మరి తాగుడు? ఆ సర్వేలోనే రెండు అంకెలున్నాయి, వాటిని పక్కపక్కన పెట్టుకుని చూడాలి. భర్త తరచూ తాగి వచ్చే ఇళ్ళలో నూటికి 70 మంది ఆడవాళ్ళు హింస పడ్డారు. భర్త అసలు తాగని ఇళ్ళలో 23 మంది. మొదటి అంకె చూశాక తాగుడు కారణం కాదని ఎవరూ అనలేరు. రెండో అంకె చూశాక తాగుడొక్కటే కారణమనీ అనలేరు. మా పక్క వాటాయన చుక్క ముట్టేవాడు కాదు.

ఈ విషయం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా నేను చివరికి మా పక్క జిల్లాలోని దూబగుంట దగ్గరికే తిరిగి వస్తాను. 1990 ప్రాంతాల్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా పొలం పనులు చేసి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి బడికి వచ్చి పలకలు పట్టుకున్నారు. వాళ్ళకిచ్చిన వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా మింగేసిన ఒక సంసారం గురించి. ఆ పాఠం చదివిన ఊళ్ళలో దూబగుంట ఒకటి. అక్కడి ఆడవాళ్ళు, వాళ్ళలో రోశమ్మ ముందు నిలిచి, ఊళ్ళో సారా కొట్టు మూయించారు. 1992 నాటికి అది జిల్లా దాటి రాష్ట్రమంతా పాకింది. సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు.

నిషేధం నిలిచిందా లేదా అన్న చర్చ ఇవాళ మనకొద్దు. ఆ రాత్రి బడిలో జరిగిన ఒక్క సంగతి చూడండి. ఒక్కొక్క మనిషీ ఎవరి ఇంటి గుట్టు వాళ్ళు కడుపులో దాచుకుని వచ్చి కూర్చుంది. మా ఆయన ఇలాంటివాడు, నా రాత ఇది అనుకుంటూ వచ్చింది. అ, ఆలు కూడబలుక్కుని ఆ పాఠం చదివేసరికి పక్కనున్న మనిషి కళ్ళలో కూడా నీళ్ళున్నాయి. అప్పటిదాకా అది ఒక మొగుడి చెడ్డతనం, ఒక పెళ్ళాం ఖర్మ. ఆ తరువాత అది ఊళ్ళోకి ఎవరు పీపాలు దించుతున్నారు, కూలి డబ్బులు ఇల్లు చేరకముందే ఏ కొట్టు దగ్గర ఆగిపోతున్నాయి అన్న లెక్క. పోలీసులూ ప్రొఫెసర్లూ చెయ్యలేని నేర పరిశోధన అది అని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను. గోడలకి ఇవతలివాళ్ళంతా ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు.

ఇక చెప్పడానికి నాకు చాలా కష్టంగా ఉన్న సంగతి. అదే సర్వేలో ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ ఇంకో ప్రశ్న అడిగారు. భార్య చెప్పకుండా బయటికి వెళితే కొట్టవచ్చా? ఇంటినీ పిల్లలనీ పట్టించుకోకపోతే? ఎదురు వాదిస్తే? పడకకి ఒప్పుకోకపోతే? వంట సరిగా చెయ్యకపోతే? ఆమె మీద అనుమానం ఉంటే? అత్తమామలకి మర్యాద ఇవ్వకపోతే? ఇలా ఏడు సందర్భాలు. వీటిలో కనీసం ఒక దాంట్లో కొట్టడం సబబేనని తెలంగాణలో నూటికి 84 మంది ఆడవాళ్ళు చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 84. దేశంలో మనవే ముందు వరసలో ఉన్న రాష్ట్రాలు. మగవాళ్ళలో అలా అన్నవాళ్ళు ఆడవాళ్ళకంటె తక్కువ.

ఈ అంకె విని ఆడవాళ్ళకి ఆడవాళ్ళే శత్రువులని తేల్చేసేవాళ్ళున్నారు. నాకు అలా అనిపించదు. రోజూ జరిగేదాన్ని అన్యాయం అనుకుంటూ ఒకే కప్పు కింద యాభై ఏళ్ళు బతకడం ఎవరివల్లా కాదు. న్యాయమే అనుకుంటే బతకవచ్చు. తప్పు నాదే అనుకుంటే, ఆ తప్పు దిద్దుకుంటే రేపు దెబ్బ పడదన్న ఆశైనా మిగులుతుంది. మా నాయనమ్మ కూడా ఆ 84 మందిలో ఉండేదే. "నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలమ్మా" అని బావి దగ్గర పిన్నిగారికి చెప్పడం నేను విన్నాను. ప్రేమగానే చెప్పింది. వీపుకి వెన్న రాస్తూ చెప్పింది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అని మనకో సామెత ఉంది. దీన్ని హాస్యంగా వాడతాం. నెమ్మదిగా వింటే అందులో దెబ్బ తినే మనిషి మనసు మొత్తం ఉంది. దెబ్బ మానుతుంది. నలుగురికీ తెలిసిపోయిందన్న సిగ్గు మానదు. ఆ సిగ్గు కొట్టినవాడికి ఉండాలి. మన దగ్గర అది కొట్టించుకున్న మనిషికి బదిలీ అయిపోయింది. ఆ 77 మంది ఎందుకు నోరు విప్పలేదో మనం వేరే వెతకనక్కర్లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బాధితుల గురించి కారణాలు వెతకడం మొదలుపెడితే, తెలియకుండానే నెపం బాధితుల మీదికి జారుతుంది. ఈ పొరపాటు శాస్త్రవేత్తలు కూడా చేశారు. అమెరికాలో మార్విన్ వుల్ఫ్‌గాంగ్ అనే ఆచార్యుడు ఫిలడెల్ఫియా నగరంలో 1948 నుంచి 1952 దాకా జరిగిన 588 హత్యల పోలీసు కాగితాలన్నీ చదివి 1958లో పుస్తకం వేశాడు. వాటిలో 150 చోట్ల, అంటే నూటికి 26, చచ్చిపోయినవాడే ముందు చెయ్యి చేసుకున్నాడు, లేదా ముందు ఆయుధం తీశాడు. దీనికాయన బాధితుడి ప్రేరణ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆయన చెప్పింది కచ్చితమైన సంగతి: మొదటి దెబ్బ ఎవరిది? భార్యాభర్తల మధ్య హత్యల్లో అది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. భార్యల చేతిలో చచ్చిన భర్తలు 47 మందిలో 28 మంది తామే ముందు దాడి చేసినవాళ్ళు. భర్తల చేతిలో చచ్చిన భార్యలు 53 మందిలో అలాంటివాళ్ళు అయిదుగురే. ఈ అంకెలు నిజానికి కొట్టే మగవాడి గురించి చెబుతున్నాయి.

1971లో మెనాకెమ్ అమీర్ అనే ఇంకో పరిశోధకుడు అదే మాటని అత్యాచారాలకి అంటగట్టాడు. అమ్మాయి తాగడానికి ఒప్పుకుందా, కారెక్కిందా అన్నవి కూడా ప్రేరణ కింద లెక్కేశాడు. దాని మీద గట్టి విమర్శలు వచ్చాయి, రావలసినవే. కత్తి తీయడమూ కారెక్కడమూ ఒకటి కావు. అయినా ఆ లెక్క మన నోళ్ళలో ఇప్పటికీ బతికే ఉంది. ఆ టైములో అక్కడికి ఎందుకెళ్ళింది? వాడితో ఎందుకు మాట్లాడింది? ఎవరింట్లోనైనా దొంగలు పడితే, బీరువాలో నగలెందుకు పెట్టుకున్నావని అడగం. ఆడపిల్ల విషయంలో అడుగుతాం. అలా అడిగితే మనకో ధైర్యం. మన పిల్ల అలా వెళ్ళదు కాబట్టి మన పిల్లకి ఏమీ కాదు అన్న ధైర్యం. ఆ ధైర్యానికి ఖరీదు ఇంకెవరి పిల్లో కడుతోంది.

అన్నిటికంటె ఎక్కువగా అడిగే ప్రశ్న ఇంకోటుంది. అంత బాధ పెడుతుంటే వదిలేసి రాలేకపోయిందా? జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ఆచార్యురాలు తన తోటివాళ్ళతో కలిసి అమెరికాలో 11 నగరాల్లో, భర్తల చేతిలో, ప్రియుల చేతిలో హతమైన ఆడవాళ్ళ కేసులు పరిశీలించింది. 2003లో ఆ ఫలితాలు వచ్చాయి. అడుగడుగునా భార్యని అదుపులో పెట్టే మనిషి నుంచి ఆమె విడిపోయినప్పుడు ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం బాగా పెరిగింది. పోవడం తేలికని మనం అనుకుంటాం. పోతే ఏమవుతుందో ఆవిడకి మనకంటె బాగా తెలుసు. క్యాంప్‌బెల్ తయారుచేసిన ప్రశ్నల పట్టికలో ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని ఆడపిల్లల తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి: అతను ఎప్పుడైనా నీ గొంతు పట్టుకున్నాడా? మెడ మీద చెయ్యి వేసిన మనిషి తరువాత చంపేదాకా వెళ్ళే అవకాశం చాలా ఎక్కువ. పిల్ల ఫోనులో, "అమ్మా, నిన్న గొంతు పట్టుకున్నాడే" అంటే, అది చెంపదెబ్బ లాంటి ఇంకో దెబ్బ అనుకుని, పండక్కి అల్లుణ్ణి పిలిచి మాట్లాడదాంలే అనుకోవద్దు. ఆ రోజే బయలుదేరాలి. కోర్టులో నేను చూసిన తండ్రుల్లో ఒకాయన నోట ఒకటే మాట: "సర్దుకుపొమ్మన్నానండీ." నాలుగు గంటల విచారణలో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో నేను లెక్కపెట్టలేదు.

మగవాళ్ళు దెబ్బలు తినరా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. తింటారు. 2022లో హత్యకి గురైనవాళ్ళలో నూటికి 70 మంది మగవాళ్ళే. వాళ్ళని చంపేది ఎక్కువగా సాటి మగవాళ్ళు. వుల్ఫ్‌గాంగ్ చూసిన హత్యల్లో అన్నిటికంటె ఎక్కువవి చిన్న మాట దగ్గర మొదలైనవే. ఒక తిట్టు, భుజం తగలడం, అంతే. మన దగ్గరా అంతే. జానెడు గట్టు, నీళ్ళ వంతు, పెళ్ళిలో ఎవరికి ముందు వడ్డించారన్నది. నేను విన్న అలాంటి కేసుల్లో దాదాపు ప్రతిదాంట్లోనూ చుట్టూ జనం ఉన్నారు. వెనక్కి తగ్గుదామనుకున్నవాణ్ణి "ఏరా, అంత మాట పడతావా?" అన్నవాడు ఒకడున్నాడు. వాడి పేరు చార్జిషీటులో లేదు. వీధిలో మూడో మనిషి ఎగదోస్తాడు, ఇంట్లో మూడో మనిషి రేడియో పెంచుతాడు. దారులు వేరైనా, చెయ్యి ఎత్తినవాడికి అందే కబురు ఒకటే.

పిల్లల గురించి ఒక్క మాట. దెబ్బలు తిన్న పిల్లలు పెద్దయ్యాక కొట్టేవాళ్ళవుతారని అందరూ అంటారు. క్యాథీ విడమ్ అనే పరిశోధకురాలు, హింసకో నిర్లక్ష్యానికో గురై కోర్టు దాకా వచ్చిన 908 మంది పిల్లల్ని ఎంచుకుని, అలాంటివి పడని పిల్లలతో పోల్చి చూసింది. 1989లో ఫలితాలు ప్రచురించింది. బాధలు పడ్డ పిల్లల్లో చిన్న వయసులోనే అరెస్టయినవాళ్ళు నూటికి 26 మంది. పడని పిల్లల్లో 17 మంది. తేడా ఉంది, చిన్నదేమీ కాదు. కానీ ఆ 26 పక్కన 74 ఉంది. దెబ్బలు తిని కూడా అటు వెళ్ళని పిల్లలు. కొట్టే ఇంట్లో పుట్టిన పిల్లవాణ్ణి చూసి, వీడూ అంతే అనేవాళ్ళు ఆ 74ని గుర్తుపెట్టుకోవాలని మనవి. పిన్నిగారి కొడుకు నా ఈడువాడు. వాడు ఎవరి మీదా చెయ్యి ఎత్తగా నేను చూడలేదు. మా ఇంటికి వచ్చి ఆ రేడియో ముందు కూర్చునేవాడు, శబ్దం ఎంత పెంచినా ఇంకా పెంచమనేవాడు.

ఇక అడ్డుపడేవాళ్ళ సంగతి. 1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే ఇద్దరు అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు ఒక సూత్రం చెప్పారు. నేరం జరగాలంటే మూడు ఒకచోట కలవాలి. చెయ్యాలనుకున్న మనిషి, చేతికందే మనిషో వస్తువో, అడ్డుపడే కాపలా లేకపోవడం. వాళ్ళు ఎక్కువగా దొంగతనాలని దృష్టిలో పెట్టుకుని చెప్పారు. పగలంతా తాళం పడే ఇళ్ళు పెరిగాయి, టీవీలు మోసుకుపోవడానికి వీలుగా తేలికయ్యాయి, దొంగతనాలు పెరిగాయి అని. ఇంటి లోపలి హింసకి ఈ సూత్రం తెచ్చి చూస్తే మూడో ముక్క దగ్గర మన సామెత అడ్డొస్తుంది. కంచే చేను మేస్తే? ఊరు కాపలాదారు అనుకున్న మనిషే కొడుతున్నాడు. ఇంక కాపలా బయటినుంచి రావాలి. గోడకి ఇవతలినుంచి రావాలి.

ఇది మంచితనానికి వదిలేసిన విషయం అనుకోకండి. గృహహింస నుంచి మహిళలకి రక్షణ కల్పించే 2005 నాటి చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. దాని నాలుగో సెక్షను ప్రకారం, ఫలానా ఇంట్లో హింస జరిగిందని, జరుగుతోందని, జరగబోతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. ఎవరైనా అంటే పక్కింటివాళ్ళు, పాలవాడు, ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళు, బడి పంతులు. సదుద్దేశంతో చెప్పినంతవరకూ చెప్పినవాళ్ళ మీద ఏ కేసూ నిలవదు. పరాయి కాపురంలో మనకెందుకన్న మాటకి పార్లమెంటు ఇచ్చిన జవాబు అది. అదే చట్టం ఆమెకి ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది, ఇల్లు అతని పేరు మీద ఉన్నా సరే. ఫోను చెయ్యడానికి ఆడవాళ్ళకి 181 ఉంది, పిల్లలకి 1098, ప్రాణం మీదికి వస్తే 112.

ఫోను చెయ్యడానికి చెయ్యి రాకపోతే ఇంకో పని ఉంది. తలుపు కొట్టడం. "పిన్నిగారూ, కాస్త పంచదార ఉంటే ఇస్తారా?" అనడం. గొంతు తగ్గించి కొట్టే మనిషి, బయట ఎవరో విన్నారని తెలిస్తే, ఆ రాత్రికి ఆగుతాడు. ఎప్పుడూ ఆగుతాడని నేను హామీ ఇవ్వలేను. ప్రమాదం అనిపించిన చోట ఒంటరిగా వెళ్ళవద్దు, నలుగురు కలిసి వెళ్ళండి. ఆ రోజుల్లో మా నాలుగు వాటాల్లో పెద్ద మగవాళ్ళు అయిదుగురు ఉన్నారు. అందులో ముగ్గురిని ఆ పక్క వాటాయన ఎంతో గౌరవించేవాడు. ఆ ముగ్గురిలో మా నాన్నగారొకరు.

పదేళ్ళ క్రితం విజయవాడలో ఒక పెళ్ళికి వెళితే పిన్నిగారు కనిపించింది. కూతురి దగ్గర ఉంటోందట. ఆయన పోయి చాలా కాలమైంది. జుట్టంతా తెల్లబడింది కానీ నన్ను ఇట్టే పోల్చుకుంది. భోజనాలయ్యాక ఇద్దరం పందిట్లో కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. ఒంగోలు బావి గురించి, మా నాయనమ్మ గురించి అడిగింది. నలభై ఏళ్ళుగా గొంతులో అడ్డుపడి ఉన్న మాట అప్పుడు బయటికి వచ్చింది.

"పిన్నిగారూ, ఆ రోజుల్లో మాకు అన్నీ వినపడేవండీ" అన్నాను.

"తెలుసు నాయనా" అంది. "మీ రేడియో పెరిగేది కదా."

కొంచెంసేపు పందిట్లో పిల్లలు ఆడుకోవడం చూస్తూ ఊరుకుంది. తరువాత, నన్ను తప్పుపడుతున్నట్టు కాదు, ఉన్న సంగతి చెబుతున్నట్టే అంది.

"ఆయనా వినేవాడు. మీ రేడియో పెరిగేదాకా గొంతు తగ్గించుకునేవాడు. పెరిగాక ఇంక తగ్గించేవాడు కాదు."